సినిమా ఖరీదు – మన కూలి లెక్కలో

సినిమా చూడడానికి ఏ దారి చవక, ఏ దారి ప్రియం అని పట్నంలో వాళ్ళు లెక్కలు వేసుకుంటూ ఉంటారు. హాలుకు వెళ్తే ఇంత, ఇంట్లో ఓటీటీ కట్టుకుంటే ఇంత, నెలకు ఎన్ని సినిమాలు చూస్తే ఆ కట్టిన డబ్బు గిట్టుబాటు అవుతుంది అని. అవి నెల జీతం మీద వేసే లెక్కలు. గుంటూరు, ప్రకాశం మెట్టల్లో ఉండే మన యెరుకల, యానాది, సుగాలి ఇళ్ళకు ఆ లెక్క పనికిరాదు. మనది రోజు కూలి లెక్క. అదీ పని దొరికిన రోజుల లెక్క. పత్తి తీతలు, ఆ వెనక మిరప కోతలు, ఆపైన వేసవిలో ఏమీ ఉండదు.

ఇంకో తేడా కూడా ఉంది. పట్నం లెక్కలో ప్రేక్షకుడు డబ్బిచ్చి సరుకు కొనేవాడు. మనం కొనేవాళ్ళమే గాక, ఒక్కోసారి ఆ సరుకులో మనమే ఉంటాం. తెర మీద దొంగగానో, సోది చెప్పే మనిషిగానో, హీరో వెనక బాణాలు పట్టుకుని అరిచే గుంపుగానో మనల్ని పెట్టి, ఆ బొమ్మనే మళ్ళీ మనకు టిక్కెట్టు పెట్టి అమ్ముతారు. కాబట్టి ఒక సినిమాకు మనం ఇచ్చే ఖరీదు హాలు కిటికీ దగ్గర ఇచ్చిన దానితో తీరదు. ఈ రెండు ఖరీదులూ కలిపి చూడాలని ఈ వ్యాసం.

ముందు డబ్బు సంగతి. లెక్కకు వీలుగా మిరప కోతకు వెళ్ళిన ఆడమనిషి కూలి రోజుకు 350 రూపాయలు అనుకుందాం. ఊరిని బట్టి, కాయ రేటును బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. 2022 మార్చి 7న మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 13 ప్రకారం మున్సిపాలిటీ ఊళ్ళో ఏసీ హాలుకు టిక్కెట్టు 60, 80 రూపాయలు. గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాలుకు 20, 40. మల్టీప్లెక్సులో రిక్లైనరు కుర్చీకి 250. పన్ను వేరే. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు నరసరావుపేటకో చిలకలూరిపేటకో వెళ్ళి 80 రూపాయల టిక్కెట్టు తీసుకుంటే 320. రానుపోను ఆటో, విశ్రాంతిలో పిల్లలు అడిగే పాప్‌కార్న్, తిరిగి వచ్చేటప్పుడు ఆలస్యమైతే బయట టిఫిను. రెండు రోజుల కూలికి దగ్గర పడుతుంది. పైగా సినిమాకు వెళ్ళిన పూట పని పోతే ఆ కూలి కూడా ఖర్చులోకే రాయాలి. పట్నం లెక్కల్లో ఈ పద్దు ఉండదు. వాళ్ళు ఆదివారం సినిమాకు వెళ్తే జీతం తెగదు.

పెద్ద హీరోల సినిమాలకు ఈ రేట్లు కూడా నిలవవు. 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చినప్పుడు మొదటి పది రోజులు టిక్కెట్టుకు 75 రూపాయలు పెంచుకోవడానికి అనుమతి ఇచ్చారు. 2024 డిసెంబరు 4 రాత్రి పుష్ప 2 ముందస్తు ఆటకు 800 రూపాయలు, పైన జీఎస్టీ. 18 శాతం కలిపితే 944. అంటే ఒక మనిషి, ఒక్క సినిమా, దాదాపు మూడు రోజులు మిరప చేలో వంగిన నడుము. అదే రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. మన కుర్రాళ్ళు కోతల మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇలాంటి ఆటలకు వెళ్ళడం నేను ఎరుగుదును. సంక్రాంతి సినిమాలు దిగేదీ, మిరప కోతల డబ్బు చేతిలో ఆడేదీ ఒకే కాలం. అది యాదృచ్ఛికమే కావచ్చు గానీ, ఆ కాలంలో మన జేబు మీద ఎన్ని కళ్ళు ఉంటాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఇక్కడ జీవో 13కు ముందు నడిచిన గొడవ గుర్తుచేసుకోవాలి. 2021 ఏప్రిల్ 8న వచ్చిన జీవో 35లో గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాలుకు టిక్కెట్లు 15, 10, 5 రూపాయలుగా పెట్టారు. ఏసీ ఉంటే 20, 15, 10. సినిమావాళ్ళు గగ్గోలు పెట్టారు. హాళ్ళు మూతబడ్డాయి. థియేటరు కంటే పక్కనున్న కిరాణా కొట్టుకు ఎక్కువ వసూలవుతోందని ఒక హీరో అన్నాడు. ప్రభుత్వం పేదల పేరు చెప్పింది, సినిమావాళ్ళు పరిశ్రమ పేరు చెప్పారు. పత్తి చేలో, మిరప కల్లంలో ఉన్నవాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్ళం, అయిదు రూపాయల టిక్కెట్టు మంచిదే గానీ ఆ టిక్కెట్టు చింపే హాలు మా ఊళ్ళో ఏదీ అని. మన పెద్ద ఊళ్ళల్లో టూరింగు టాకీసులు ఉన్న జాగాలు ఎప్పుడో కల్యాణ మండపాలయ్యాయి, మిరప టిక్కీలు పెట్టుకునే గోడౌన్లయ్యాయి. లేని హాలుకు చవక టిక్కెట్టు కాగితం మీద బాగుంటుంది.

నా ఈడువాళ్ళు నేల టిక్కెట్టు రోజులను తలుచుకుని మురిసిపోతుంటారు. నాకు అంత మురిపెం లేదు. నేల టిక్కెట్టు చవక ఎందుకంటే అది తెరకు ముక్కు ఆనించి కూచునే చోటు. మెడ వెనక్కి విరిచి చూడాలి. వెనక బెంచీలో రైతు కొడుకు, ఆ వెనక కుర్చీలో రైతు. హాల్లో దీపం ఆర్పినా ఊళ్ళో వరస ఆరలేదు. అయినా దానిలో ఒక విలువ ఉండేది, దాన్ని కాదనలేం. వాడ మొత్తం ఒకే రాత్రి ఒకే సినిమా చూసేది. మర్నాడు బుట్టలల్లే చోట, పందులు తోలుకెళ్ళే దారిలో అదే మాట నడిచేది. హీరోకు అలా చేయాల్సిన పని ఏముందని మా అమ్మమ్మ వరస ముసలమ్మ ఒకావిడ మా కుర్రు భాషలో తగవు వేసుకునేది. తెలుగు సగమే అర్థమైన మనిషి, కథను మాత్రం పూర్తిగా పట్టుకునేది. శ్రీరామనవమికి తెర కట్టి వేసే సినిమా, ఆ తర్వాత వీసీపీ అద్దెకు తెచ్చి తెల్లవార్లూ మూడు క్యాసెట్లు వేసే రాత్రులు కూడా అంతే. డబ్బు దాదాపు లేదు, మాట మాత్రం వారం రోజులు నడిచేది.

కేబులు టీవీ వచ్చి ఆ గుంపును ఇళ్ళల్లోకి చీల్చింది. ఫోను వచ్చి ఇంటిని మనుషుల్లోకి చీల్చింది.

ఫోను చవక అని అందరూ అంటారు. 2016లో జియో వచ్చిన కొత్తలో డేటా ఉచితం, అప్పుడు నిజమే. ఇప్పుడు చూడండి. 2024 జూలైలో రేట్లు పెంచాక రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాకు 299 రూపాయలైంది. నెల అంటే 28 రోజులని లెక్క పెట్టినవాడు తెలివైనవాడు. ఏడాదికి 12 కాదు, 13 సార్లు కట్టాలి. 3,887 రూపాయలు. ఒక ఇంట్లో రెండు ఫోన్లుంటే దాదాపు 7,800, అంటే 22 రోజుల కూలి. ఇది సినిమా కోసమే కాదు, పని కబురు కోసం, బ్యాంకు ఓటీపీ కోసం, పిల్లల చదువు కోసం కూడా అంటారు. ఒప్పుకుంటాను. అయితే ఆ ఒకటిన్నర జీబీలో ఎంత చదువుకు పోతుందో ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు.

దానిమీద ఓటీటీ చందా. అమెజాన్ ప్రైమ్ ఏడాదికి 1,499. అంత కట్టినవాళ్ళకు కూడా 2025 జూన్ నుంచి సినిమా మధ్యలో ప్రకటనలు వేస్తున్నారు. మన కుర్రాళ్ళు ఇదంతా ఎందుకని ఐబొమ్మ లాంటి దొంగ సైట్ల దారి పట్టారు. ఆ సైటును నడుపుతున్నాడని ఒకతన్ని 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు అరెస్టు చేస్తే, మన వాడల్లో కొంతమంది అతన్ని పేదల పాలిట దేవుడన్నారు. నాకు ఈ దేవుడి మీద నమ్మకం లేదు. నేను నీతి కోసం చెప్పడం లేదు. సినిమా ఊరికే ఇచ్చేవాడు దేనికి ఇస్తున్నాడో చూడమంటున్నాను. ఆ సైట్ల నిండా బెట్టింగు యాపుల ప్రకటనలు. సినిమా కోసం నొక్కిన చోట ఆట తెరుచుకుంటుంది. ఇంటరుతో చదువు ఆపేసిన కుర్రాడికి పత్తి డబ్బు చేతిలో ఉండగా క్రికెట్టు పందెం ఎదురుపడితే, ఆ సినిమా ఖరీదు 800 రూపాయల టిక్కెట్టును ఎక్కడో దాటిపోతుంది. అప్పు చేసి ఆడినవాళ్ళ ఇళ్ళు మన కాలనీల్లో వెతకనక్కర్లేదు. ఊరికే వచ్చిన సినిమా మనం చూసిన అన్నిటిలోకీ ప్రియమైనది అని నా అభిప్రాయం.

ఇప్పుడు రెండో ఖరీదు.

2021 నవంబరు 2న జై భీమ్ వచ్చింది. గ్రామంలో టిక్కెట్టు అయిదు రూపాయలని జీవో అమల్లో ఉన్న సంవత్సరం అదే. ఆ సినిమా మాత్రం ఏ ఊళ్ళో హాలుకూ రాలేదు, నేరుగా ప్రైమ్‌లోకి వచ్చింది. అప్పటి చందా ఏడాదికి 999. చందా కట్టడానికి బ్యాంకు ఖాతా, ఫోను, ఆ ఫోనులో కట్టే తెలివి కావాలి. పొలాల్లో ఎలుకలు పట్టే ఇరుళర్ల కథ, అంటే మన యానాదుల బతుకుకు అద్దం పట్టినంత దగ్గరి కథ. కానీ ఎలుకలు పట్టే యానాదికి అది అందే దారి లేకపోయింది. సినిమా మొదట్లోనే జైలు గేటు దగ్గర, విడుదలైనవాళ్ళను కులం అడిగి పక్కకు నిలబెట్టి పాత కేసుల్లో ఇరికించడానికి లాక్కుపోతారు. ఆ ఒక్క దృశ్యం మన వాళ్ళు చూస్తే వ్యాఖ్యానం అక్కర్లేదు. అది మా తాతల కాలం నాటి స్టేషను హాజరు పుస్తకం.

ఆ కథకు ఆధారం 1993లో కడలూరు జిల్లాలో జరిగింది. లాకప్పులో చనిపోయిన రాజాకన్ను నిజానికి కురవర్ మనిషి. తమిళ దేశంలో కొరవలు, తెలుగు దేశంలో యెరుకలు ఒకే మూలంవాళ్ళని పాత రికార్డులన్నీ రాశాయి. అంటే అది మన చుట్టాల ఇంటి కథ. సినిమాలో కురవర్ అన్న పేరు పోయి ఇరుళర్ అయింది. దర్శకుడు జ్ఞానవేల్ ఏ ఉద్దేశంతో మార్చినా, పేరు పోవడం పేరు పోవడమే. ఇంకో లోటు కూడా చెప్పాలి. కథలో వెలుగంతా వకీలు మీద పడింది. అయినా సెంగేణి ఆ వెలుగుకు లొంగలేదు. కేసు వదులుకుంటే డబ్బిస్తామన్నప్పుడు ఆమె కాదంటుంది. ఇంటి దగ్గర దించుతామని పోలీసు జీపు వెంటపడి బతిమాలుతుంటే ఎక్కకుండా నడిచిపోతుంది. దేనికి ఖరీదు కట్టకూడదో ఆమెకు తెలుసు. మా ఇంట్లో చుట్టాలందరితో కలిసి ఈ సినిమా చూసినప్పుడు జీపు దృశ్యం దగ్గర ఆడవాళ్ళు ఈలలు వేశారు. హీరో వచ్చినప్పుడు ఎవరూ వేయలేదు.

దీని పక్కన టైగర్ నాగేశ్వరరావును పెట్టండి. 2023 అక్టోబరు 20న హాళ్ళన్నిటిలోకీ దిగింది. నెల తిరక్కముందే ఫోన్లలోకీ వచ్చింది. దాని టీజరు స్టువర్టుపురాన్ని నేరాల రాజధానిగా చూపించిందని మన వాళ్ళ అభ్యంతరం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్ళింది, నిర్మాతకు నోటీసులు వెళ్ళాయి. సినిమా మాత్రం వచ్చింది. అంతకు ముందు 1991లో స్టువర్టుపురం పోలీస్ స్టేషన్ వచ్చింది. ఊరి పేరు పోస్టరు మీద వేస్తే టిక్కెట్లు తెగుతాయని పరిశ్రమకు అప్పటినుంచే తెలుసు. బాపట్ల పక్కన ఉన్న ఒక చిన్న ఊరి పేరు, తెలుగు దేశమంతటా బూతుమాటలా వాడుకయ్యేలా చేసిన పనిలో సినిమాకు పెద్ద వాటా ఉంది.

ఆ ఊరు ఎలా పుట్టిందో మన పిల్లలకే సరిగ్గా తెలియదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేశారు, 1911 తర్వాత మద్రాసు రాజధానిలో అమలు పెట్టారు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకున్న యెరుకల బతుకుతెరువును రైళ్ళు, ఉప్పు చట్టాలు దెబ్బతీశాక, వాళ్ళను పుట్టుకతో దొంగలని రాసుకున్నారు. సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి కట్టిన సెటిల్‌మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి ఆ సెటిల్‌మెంటు నుంచి కూలీలను పంపించారు. ఈ కథ మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. సినిమాలో హేమలతా లవణం గారి పాత్ర ఉంది, రేణూ దేశాయ్ వేశారు. సంస్కరించడానికి బయటినుంచి వచ్చిన మనిషికి పాత్ర దొరికింది, మంచిదే. పొగాకు బేళ్ళు మోసిన తాతకు, బిడ్డను డీఎస్సీ దాకా చదివించిన తల్లికి మాత్రం ఇంతవరకు పాత్ర దొరకలేదు. వాళ్ళ కథలో రైలు దోపిడీ ఉండదు కదా.

ఈ ఖరీదు ఎవరు కడుతున్నారంటే తొమ్మిదో తరగతి పిల్లవాడు కడుతున్నాడు. హాస్టల్లో ఎవరి డబ్బో పోతే ముందు వాడి పెట్టె వెతుకుతారు. ఊరి పేరు చెప్పగానే పక్కవాడు నవ్వి జేబు పట్టుకుంటాడు. ఆ నవ్వు వాడికి పుస్తకంలో దొరకలేదు.

ఆర్ఆర్ఆర్ సంగతి వేరు, అక్కడ అవమానించే ఉద్దేశం లేదు. గోండు పిల్ల మల్లిని దొరసాని నాలుగు నాణేలు విసిరి ఎత్తుకుపోవడంతో కథ మొదలవుతుంది. మన పాటకు, మన పిల్లకు వాళ్ళు కట్టే ఖరీదు ఎంతో అంత సూటిగా చూపించిన తెలుగు సినిమా నేను చూడలేదు. చివరకు వచ్చేసరికి, ఏం కావాలో అడగమంటే భీం చదువు కావాలంటాడు, రాముడు జెండా మీద అక్షరాలు రాసిస్తాడు. ఉపాధ్యాయులు ఇక్కడ ఆగాలి. కొమురం భీం జీవితం రాసినవాళ్ళు, ఆయన అడవి విడిచి వెళ్ళిన రోజుల్లో చాందా వైపు అచ్చాఫీసు మనిషి దగ్గర చదవడం, రాయడం నేర్చుకున్నాడని రాశారు. అంటే ఆయన అక్షరం తానే సంపాదించుకున్నది. సినిమా దాన్ని ఇంకొకరి చేతి దానం చేసింది. కల్పిత కథ అని ముందే చెప్పారు, నిజమే. కానీ మన పిల్లల్లో చాలామందికి భీం గురించి తెలిసిందంతా ఆ సినిమాయే. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన కొమరం భీం జనంలోకి రావడానికి 2010 దాకా పట్టింది. ఒకదానికి హాళ్ళు చాలలేదు, ఇంకొకదానికి హాలు దొరకడానికి ఇరవై ఏళ్ళు.

కాబట్టి చవక, ప్రియం అన్న ప్రశ్న కంటే నాకు ముఖ్యంగా తోచేది ఎవరి పక్కన కూచుని చూస్తున్నాం అన్నది. టైగర్ నాగేశ్వరరావును కూడా చూడొద్దని నేను అనను. ఫోనులో ఒంటరిగా, దుప్పటి కింద చూసిన పిల్లవాడు ఆ మాటను మింగేస్తాడు. పదిమందిలో చూస్తే తాత ఒకడు లేచి, అలా కాదురా, మా నాయన ఫ్యాక్టరీలో చేసినప్పుడు అని మొదలుపెడతాడు. నేల టిక్కెట్టు రోజుల్లో తిరిగి తెచ్చుకోదగ్గది ఆ తగవు ఒక్కటే.

దీనికి వీలు ఇప్పుడు కొంత ఉంది. మన ప్రాథమిక పాఠశాలల్లో చాలావాటికి స్మార్ట్ టీవీలు వచ్చాయి, హైస్కూళ్ళకు పెద్ద తెరలు వచ్చాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షనులో, విద్యా సంస్థ పనిలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులకు మాత్రమే సినిమా వేసుకోవడానికి మినహాయింపు ఉంది. టిక్కెట్టు పెట్టకూడదు, ఊరందరినీ పిలవకూడదు. ఓటీటీ చందా మాత్రం సొంత వాడకానికని వాళ్ళ షరతు, అందుకని అలాంటి సినిమాను ఎవరో ఒకరి ఇంట్లో ఆ ఇంటి చుట్టాలు కూచుని చూడడమే పద్ధతి. జై భీమ్‌లో లాకప్పు హింస చాలా ఉంది, ప్రాథమిక తరగతుల పిల్లలకు వేసేది కాదు. పదో తరగతి దాటినవాళ్ళకు, వాళ్ళ అమ్మానాన్నలతో కలిపి వేయాలి. ఆర్ఆర్ఆర్ మొదటి అరగంట, చివరి పావుగంట వేసి మధ్యలో భీం అసలు కథ మనం చెప్పినా ఒక పూట పాఠం అవుతుంది.

వేళ కూడా చూసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా కోతలు, సగం ఇళ్ళు తాళాలు వేసి ఉంటాయి, పిల్లలు కూడా చేల దగ్గర గుడారాల్లో ఉంటారు. అప్పుడు వద్దు. కోతలు అయిపోయి, మేస్త్రి లెక్క తేల్చి, బడికి ఇంకా వేసవి సెలవులు ఇవ్వని ఆ పదిహేను రోజుల్లో ఒక సాయంత్రం పెట్టుకోవాలి. కొళాయి నీళ్ళు వచ్చే వేళ దాటాక మొదలుపెడితే ఆడవాళ్ళు కూడా వస్తారు. సినిమా అయ్యాక టీవీ ఆపేసి, లైటు మాత్రం ఇంకో గంట వేసి ఉంచాలి.